మా ఇద్దరి గ్రీన్‌కార్డ్‌కి నేపాల్ దారి

హెచ్-1బీ అంటే ఏమిటో తెలియని ఇల్లు తిరుపతిలో వెతికినా దొరకదు. ఎఫ్-1, ఓపీటీ, స్టాంపింగ్, ప్రయారిటీ డేట్ లాంటి మాటలు మా వీధిలో అరుగు మీద కూర్చునే పెద్దవాళ్లు కూడా తడుముకోకుండా అంటారు. టీపీఎస్ మాత్రం ఎవరికీ తెలియదు. తెలియాల్సిన పనీ లేదు, భారతీయులకు అది వర్తించదు కాబట్టి. నా భార్య నేపాలీ గనక మా ఇంట్లోవాళ్లకు తెలిసింది. ఆమె టీపీఎస్ నుంచి, నేను హెచ్-1బీ ఉద్యోగ వీసా నుంచి, ఇద్దరం ఒకేసారి గ్రీన్‌కార్డ్‌కి మారాం. ఇప్పుడు సెలవు మీద ఊరికి వచ్చాక ఈ సంగతి విన్న ప్రతివాళ్లూ "అదెట్లా?" అంటున్నారు. అందరికీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక రాస్తున్నాను. నేను లాయర్‌ని కాను. మా కేసులో జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

టీపీఎస్ అంటే టెంపరరీ ప్రొటెక్టెడ్ స్టేటస్. 1990లో అమెరికా చేసిన ఇమ్మిగ్రేషన్ చట్టంతో వచ్చింది. ఏదైనా దేశంలో యుద్ధమో, భూకంపమో, తుఫానో వచ్చి, మనుషుల్ని అక్కడికి తిప్పి పంపడం కుదరని పరిస్థితి ఉంటే, అప్పటికే అమెరికాలో ఉన్న ఆ దేశస్థులను కొంతకాలం ఉండనిస్తారు, పని చేసుకోనిస్తారు. ఒక్కో విడత 6 నెలల నుంచి 18 నెలలు. గడువు దగ్గర పడ్డప్పుడు పొడిగించాలా ఆపాలా అన్నది హోంల్యాండ్ సెక్యూరిటీ మంత్రి చేతిలో ఉంటుంది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చి దాదాపు తొమ్మిది వేల మంది పోయారు. అదే ఏడాది జూన్ 24న నేపాల్‌కి టీపీఎస్ ప్రకటించారు. ఆ తేదీకి అమెరికాలో ఉన్నవాళ్లకే అది. తర్వాత వచ్చినవాళ్లకు లేదు.

నా భార్య 2013లో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద నర్సింగ్ చదవడానికి వచ్చింది. భూకంపంలో వాళ్ల ఇల్లు దెబ్బతింది. ఫీజు పంపే స్థితి ఇంట్లో లేదు. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఎక్కడపడితే అక్కడ పని చేయకూడదు. టీపీఎస్ వస్తే వర్క్ పర్మిట్ వస్తుంది. అందుకని కాలేజీకి వెళ్తూనే అప్లై చేసింది. స్టూడెంట్ స్టేటస్ ఇంకా చెల్లుతుండగానే టీపీఎస్ చేతికొచ్చింది, మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. ఫీజు కట్టుకోవడానికి చేసిన ఆ పనే దాదాపు పదేళ్ల తర్వాత మా ఇద్దరినీ గట్టెక్కిస్తుందని అప్పుడు ఆమెకేం తెలుసు.

టీపీఎస్ మీద బతకడం ఎట్లా ఉంటుందో పెళ్లికి ముందే కొంత చూశాను. 2018 ఏప్రిల్‌లో నేపాల్ టీపీఎస్ ఆపేస్తున్నామని, 2019 జూన్ 24 ఆఖరి రోజని ప్రకటించారు. 2019 ఫిబ్రవరిలో దాని మీద కోర్టులో కేసు పడింది. అప్పటినుంచి కేసు నడిచినన్నాళ్లూ స్టేటస్ నడిచింది.  పాత వర్క్ పర్మిట్ కార్డే ఫలానా తేదీ దాకా చెల్లుతుందని ఫెడరల్ రిజిస్టర్‌లో, అంటే అక్కడి ప్రభుత్వ గెజిట్‌లో, ఒక నోటీసు వేసేవాళ్లు. అంటే కార్డు మీద తేదీ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, అయినా కార్డు చెల్లుతుంది! ఈ మాట చట్టంలో ఉంటే సరిపోదు కదా, కౌంటర్‌లో కూర్చున్న మనిషికి తెలియాలి. డ్రైవింగ్ లైసెన్స్ రెన్యువల్‌కి ఆమెకు తోడు వెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయి కార్డు చూసి "ఎక్స్‌పైర్ అయింది" అని వెనక్కి నెట్టేసింది. నా భార్య గొంతు పెంచలేదు. బ్యాగులోంచి నోటీసు ప్రింట్ తీసి, హైలైటర్ గీసిన లైను మీద వేలు పెట్టి చూపించింది. ఆ అమ్మాయి లోపలికెళ్లి సూపర్‌వైజర్‌ని పిలుచుకొచ్చింది. హెచ్-1బీ మీద ఉండి నాకంటే కష్టపడేవాడు లేడనుకునే నాకు, ఆ రోజు నుంచి స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వీసా ముద్ర వేయించుకోవడం) గురించి ఏడవాలంటే కాస్త సిగ్గేసేది.

2023 జూన్‌లో పాత ప్రకటనను వెనక్కి తీసుకుని, నేపాల్ టీపీఎస్‌ని 2025 జూన్ 24 దాకా పొడిగించారు. అప్పటికి మేం పెళ్లి చేసుకోవాలని నిర్ణయించుకున్నాం.

ఇంట్లో చెప్పినప్పుడు కులం, భాష, తిండి గురించి గొడవ జరుగుతుందనుకున్నాను. అది జరగలేదని కాదు గానీ తొందరగానే సర్దుకుంది. తెగనిదల్లా కాగితాల మాటే. "ఆ పిల్ల కాగితాలు గట్టివేనా? రేప్పొద్దున పంపించేస్తే నువ్వూ వచ్చేస్తావా?" అని మా మేనమామ. ఇంకో పెద్దమ్మ నేరుగా నన్నే అడిగింది, "నీ ద్వారా కార్డు తెచ్చుకోవాలని చూస్తోందేమో కనుక్కున్నావా నాయనా?" అని. నా దగ్గర ఇవ్వడానికి కార్డంటూ ఉంటే కదా! నా ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డ్ క్యూలో నా చోటు చెప్పే తేదీ, 2016. ఉద్యోగం మీద ఇచ్చే కార్డుల్లో ఈబీ-2 కేటగిరీ. కంపెనీ నా కోసం వేసిన ఐ-140 పిటిషన్ ఎప్పుడో అప్రూవ్ అయింది, దాని మీద మూడేళ్లకోసారి హెచ్-1బీ పొడిగించుకుంటూ ఉన్నాను. 2024 మొదట్లో, ఎవరి వంతు ఎక్కడిదాకా వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో ఈబీ-2 ఇండియా తేదీ 2012 మార్చి దగ్గర ఉంది. ఏడాదికి కొన్ని వారాలో నెలలో జరిగే ఆ తేదీ 2016కి ఎప్పటికొస్తుందో లెక్కేయడం నేను మానేశాను. ఏ ఒక్క దేశానికీ మొత్తంలో 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల వచ్చిన తంటా ఇది. మనవాళ్లు లక్షల్లో ఉన్నారు, మన వాటా మాత్రం చిన్న దేశాలకున్నంతే.

ఆమె టీపీఎస్ సంగతి మాట్లాడదామని బయట ఒక లాయర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. ఆవిడ మొత్తం విని నన్ను ఒక్క ప్రశ్న అడిగింది. "మీ ఆవిడ ఎక్కడ పుట్టింది?" నేపాల్‌లో అన్నాను. "మరి మీరు ఇండియా లైన్‌లో ఎందుకున్నారు?" అంది.

గ్రీన్‌కార్డ్ కోటా పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి లెక్క కడతారు. అది మనకు తెలుసు. అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. భార్యాభర్తలు కలిసి గ్రీన్‌కార్డ్‌కి వెళ్తుంటే, కుటుంబం విడిపోకుండా ఉండటానికి ఇద్దరిలో ఎవరు పుట్టిన దేశం కోటానైనా ఇద్దరికీ వాడుకోవచ్చు. క్రాస్ చార్జబిలిటీ అంటారు. నేపాల్‌కి విడిగా లైను లేదు, అది మిగతా ప్రపంచం లెక్కలోకి వస్తుంది. ఆ లైన్‌లో అప్పటికి ఈబీ-2 తేదీ 2022 చివర్లో ఉంది. నాది 2016. అంటే పెళ్లయిన మరుక్షణం నా డేట్ కరెంట్, నా వంతు వచ్చేసినట్టే!

ఇది చెబితే మా మేనమామ కాసేపు ఆలోచించి, "అంటే నువ్వు సర్వదర్శనం కంపార్ట్‌మెంట్‌లో కూర్చోనుంటే, ఆ పిల్లొచ్చి మూడొందల రూపాయల క్యూలో నిలబెట్టిందన్న మాట" అన్నాడు. కాదనలేకపోయాను. ఒక మెలిక మాత్రం ఉంది మామా అన్నాను. ఇద్దరం కలిసే లోపలికి పోవాలి. ఆమె దేశం కోటా నాకు కావాలంటే ఆమె కేసు కూడా నాతో పాటే నిలబడాలి. అక్కడ మళ్లీ టీపీఎస్ దగ్గరికే వచ్చాం.

చాలామంది నేపాలీ స్నేహితులు కూడా పొరపాటు పడేది ఇక్కడే. ఎన్నేళ్లున్నా టీపీఎస్ దానంతటది గ్రీన్‌కార్డ్ ఇవ్వదు. వేరే దారి ఏదో ఒకటి ఉండాలి, పెళ్లో, తోబుట్టువో, ఉద్యోగమో. ఆ దారి ఉన్నా, అమెరికాలో ఉండే కార్డు తీసుకోవాలంటే మొదట దేశంలోకి పద్ధతిగా, ఇన్‌స్పెక్షన్ అయ్యి వచ్చి ఉండాలి. సాంచెజ్ వర్సెస్ మయోర్కస్ అని 2021 జూన్ 7న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. సాంచెజ్‌ది ఎల్ సాల్వడార్. 1997లో చెకింగ్ లేకుండా సరిహద్దు దాటి వచ్చాడు, 2001లో టీపీఎస్ వచ్చింది. కంపెనీ స్పాన్సర్ చేసింది. అయినా టీపీఎస్ ఇవ్వడం అంటే దేశంలోకి అడ్మిట్ చేసినట్టు కాదని తొమ్మిది మంది జడ్జిలూ ఒకే మాట చెప్పారు. జస్టిస్ ఎలెనా కేగన్ ఆ తీర్పు రాసింది. ఇరవై ఏళ్లు పన్నులు కట్టిన మనిషికి అట్లా అయింది. నా భార్య ఎయిర్‌పోర్టులో ఎఫ్-1 వీసా చూపించి, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు ఇచ్చే పత్రం) తీసుకుని వచ్చిన మనిషి. ఆ మొదటి మెట్టు దాటింది. రెండో మెట్టు స్టేటస్ చెడకుండా ఉండటం. టీపీఎస్ ఉన్నంతకాలం గ్రీన్‌కార్డ్ లెక్కకు ఆ మనిషి చట్టబద్ధమైన స్టేటస్‌లో ఉన్నట్టేనని చట్టంలోనే రాసుంది. ఎఫ్-1 నుంచి టీపీఎస్‌కి మధ్యలో ఖాళీ లేదన్నానే, అది ఇక్కడ పనికొచ్చింది. కాలేజీ ఇచ్చిన పాత ఐ-20 పత్రాలు, ఐ-797 అప్రూవల్ నోటీసులు అన్నీ ఆమె ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో సంవత్సరాల వారీగా పెట్టుకుంది. లాయర్ ఆ ఫోల్డర్ తిరగేసి, ఇట్లాంటి క్లయింట్ దొరకడం కష్టం అంది.

రిజిస్టర్ పెళ్లి అక్కడే కౌంటీ ఆఫీసులో అయిపోయింది. తాళి కట్టడం మాత్రం తిరుపతిలోనే అని అమ్మ పట్టు. టీపీఎస్ ఉన్నవాళ్లు దేశం దాటాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. 2022 జూలై నుంచి దానికి ఐ-512టీ అనే పత్రం ఇస్తున్నారు. దాంతో తిరిగొచ్చినప్పుడు మళ్లీ టీపీఎస్‌లోకి అడ్మిట్ చేసుకుంటారు. ఆ కాగితం కోసం నెలలు పట్టింది, ముహూర్తం ఒకసారి మారింది.

నేపాల్ వెళ్లకపోవడమే మంచిదని లాయర్ సలహా. రక్షణ కావాలన్న దేశానికే వెళ్లొచ్చావేం అని ఎవరైనా అడిగే అవకాశం ఎందుకు ఇవ్వాలంది. అందుకని వాళ్ల అమ్మానాన్నలనే తిరుపతికి రప్పించాం. వింతేమిటంటే, ఆమెకు గానీ వాళ్లకు గానీ ఇండియా రావడానికి వీసా అక్కర్లేదు. 1950 నాటి ఒప్పందం పుణ్యమాని నేపాలీలకు ఇక్కడ తలుపు తెరిచే ఉంటుంది. సొంత ఊరికి వచ్చిన నేను తిరిగెళ్లడానికి చెన్నైలో స్టాంపింగ్ కోసం టెన్షన్ పడుతుంటే, ఆమె హాయిగా గోవిందరాజస్వామి గుడి దగ్గర గాజులు బేరమాడింది.

2013 తర్వాత వాళ్లమ్మ కూతుర్ని చూడటం రేణిగుంట ఎయిర్‌పోర్టులోనే. నేనూ నాయనా కాస్త దూరంగా పార్కింగ్ దగ్గర నిలబడ్డాం. దాని గురించి ఇంకేం రాయను.

తిరుచానూరులో పెళ్లి. మా అత్తగారికి తెలుగు రాదు, అమ్మకు నేపాలీ రాదు, ఇద్దరికీ హిందీ అంతంతమాత్రం. రాగి సంగటి వడ్డిస్తే అత్తగారు ముద్ద తుంచి చూసి "ఢిఁడో!" అంది. వాళ్లూ కోదో పిండితో అచ్చం అట్లాగే చేసుకుంటారట, కోదో అంటే మన రాగులే. అప్పటినుంచి వాళ్లిద్దరూ వంటింట్లోంచి బయటికి రాలేదు.

నా కాగితాల పని ఆ రోజుల్లోనే మొదలుపెట్టాం. దీని గురించి వివరంగా చెప్పాలి, మన జిల్లావాళ్లకు చాలామందికి ఎదురయ్యేదే గనక. నేను 1988లో చంద్రగిరి మండలంలో అమ్మమ్మ వాళ్ల ఊళ్లో, ఇంట్లోనే పుట్టాను. ఎవరూ రిజిస్టర్ చేయించలేదు. పాస్‌పోర్టుకి పదో తరగతి సర్టిఫికెట్ సరిపోయింది. గ్రీన్‌కార్డ్‌కి బర్త్ సర్టిఫికెట్ అడుగుతారు. మా నాయన ఆర్టీసీలో రిటైరయ్యాడు, ఆఫీసుల చుట్టూ తిరగడం ఆయనకు విసుగు రాని పని. రికార్డుల్లో పేరు లేదని పంచాయతీ నుంచి ఒక సర్టిఫికెట్, నోటరీ అఫిడవిట్, మీసేవలో దరఖాస్తు, వీఆర్వో విచారణ, తహసీల్దారు రిపోర్టు, ఆపైన ఆర్డీవో ఉత్తర్వు. అది వస్తేనే ఆలస్యంగా నమోదు చేస్తారు. వీఆర్వో విచారణకు వచ్చినప్పుడు మా పెద్దమ్మ నేను పుట్టిన రాత్రి వానతో సహా మొత్తం వర్ణించి చెప్పిందట.

ఇంత ఆలస్యంగా రిజిస్టరైన సర్టిఫికెట్‌ని అమెరికావాళ్లు పూర్తిగా నమ్మరు. అందుకని దాంతో పాటు స్కూల్ రికార్డు, పుట్టుక గురించి స్వయంగా తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు పెట్టాలని లాయర్ చెప్పింది. అమ్మా, పెద్దమ్మా ఇచ్చారు. ఇంకో చిక్కు వచ్చింది. నా పాస్‌పోర్టులో పుట్టిన చోటు చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక చంద్రగిరి తిరుపతి జిల్లాలోకి పోయింది, కొత్త సర్టిఫికెట్‌లో తిరుపతి అని వచ్చింది. అమెరికాలో కూర్చున్న ఆఫీసర్‌కి అవి రెండు వేరే ఊళ్లు. ఊరు అదే, జిల్లా పేరు మారిందని అఫిడవిట్‌లోనే ఒక పేరా రాయించి, జిల్లాల పునర్వ్యవస్థీకరణ నోటిఫికేషన్ కాపీ జతచేశాం. తిరుపతి, అన్నమయ్య జిల్లాల్లోకి మారిన ఊళ్లవాళ్లు ఇది ముందే చూసుకుంటే మంచిది.

ఆమె వైపు చిక్కు క్యాలెండర్‌తో వచ్చింది. నేపాల్‌లో తేదీలన్నీ విక్రమ సంవత్‌లో ఉంటాయి, మన లెక్కకు దాదాపు 57 ఏళ్లు ముందు. వార్డు ఆఫీసు ఇచ్చిన జన్మ దర్తాలో (వాళ్ల బర్త్ సర్టిఫికెట్) తేదీని ఇంగ్లిష్ క్యాలెండర్‌లోకి మారిస్తే పాస్‌పోర్టులో ఉన్నదానికి ఒక రోజు తేడా వచ్చింది. దానికీ ఒక వివరణ పత్రం, అనువదించినవాళ్ల సంతకంతో పూర్తి అనువాదం పెట్టాం.

తిరిగెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఆమెను పక్క గదికి పంపారు. నన్ను రానివ్వలేదు. బ్యాగుల దగ్గర నిలబడి ఏమేం జరగొచ్చో అన్నీ ఊహించుకున్నాను. ఏమీ జరగలేదు, స్టాంప్ వేసి పంపేశారు. ఆఫీసర్ ఆమె చేతి గోరింటాకు చూసి కంగ్రాట్స్ చెప్పాడట.

2024 వేసవిలో ఐ-485, అంటే గ్రీన్‌కార్డ్ దరఖాస్తు, వేశాం. మా కంపెనీ తరఫు లాయర్లు మొదట ఒప్పుకోలేదు. ఇండియా డేట్ కరెంట్ కాలేదు, ఫైల్ చేయలేం అని రెండు లైన్ల మెయిల్. క్రాస్ చార్జబిలిటీ సెక్షన్ నంబర్ రాసి పంపితే కొన్నాళ్లు జవాబు లేదు, తర్వాత సరేనన్నారు. ఉద్యోగం ఇంకా ఉందని కంపెనీ ఇచ్చే సప్లిమెంట్ జె, మెడికల్ రిపోర్టు సీల్డ్ కవర్, మా పెళ్లి ఫొటోలు, జాయింట్ అకౌంట్లు, అన్నీ కలిపి లావుపాటి కట్ట అయింది. 2024 ఏప్రిల్ నుంచి ఫీజు మనిషికి 1,440 డాలర్లు, వర్క్ పర్మిట్‌కి అదనం. కట్ట మీద అన్నింటికంటే పైన రంగు కాగితం మీద పెద్దక్షరాలతో నేపాల్ చార్జబిలిటీ కోరుతున్నామని మా లాయర్ పెట్టించింది. ఎందుకింత అనుకున్నాను.

ఎందుకో ఇంటర్వ్యూలో తెలిసింది. అప్పటికి 2025 వేసవి. జూన్‌లో నేపాల్ టీపీఎస్ మళ్లీ ఆపేస్తున్నామని, ఆగస్టు 5 చివరి రోజని ప్రకటన వచ్చింది. ఐ-485 పెండింగ్‌లో ఉంది కాబట్టి ఆమె దేశంలో ఉండొచ్చు, దాని మీద వచ్చిన వేరే వర్క్ పర్మిట్ చేతిలో ఉంది. అయినా ఇంట్లో నిద్రలు లేవు. ఆ కేసు పోతే కింద పట్టుకోవడానికి ఇంకేం ఉండదు. ఇంటర్వ్యూలో ఆఫీసర్ ఫైలు తెరిచి, నా పుట్టిన దేశం చూసి, "మీ డేట్ ఇంకా రాలేదు కదా, ఇవాళ నేనేం చేయలేను" అన్నాడు. లాయర్ ఆ రంగు కాగితం తీసి ముందు పెట్టింది. ఆయన చదివాడు, లేచి బయటికెళ్లాడు, వచ్చాడు. తర్వాత నన్నసలు ఏమీ అడగలేదు. ఆమెనే అడిగాడు. మొదట ఎప్పుడు వచ్చారు, ఏ వీసా, టీపీఎస్ ఎప్పుడు పెట్టారు, అప్పటికి కాలేజీలో ఉన్నారా, మధ్యలో రీ-రిజిస్ట్రేషన్ ఏదైనా మానేశారా. ఆమె ప్రతిదానికీ ప్లాస్టిక్ ఫోల్డర్‌లోంచి కాగితం తీసి ఇచ్చింది.

అక్కడికక్కడే ఏమీ చెప్పలేదు. ఆర్థిక సంవత్సరం సెప్టెంబర్ 30తో ముగుస్తుంది, ఈలోపు కోటా నంబర్లు అయిపోతే అక్టోబర్ దాకా ఆగాలని లాయర్ ముందే చెప్పింది. ఆగాం. అక్టోబర్‌లో ఇద్దరి కేసులూ ఒకే రోజు అప్రూవ్ అయ్యాయి. తిరుపతిలో అప్పుడు తెల్లవారుజాము. నాయనకు ఫోన్ చేస్తే "కోడలికి కూడా వచ్చిందా?" అని అడిగాడు మొదట. ఆమెది లేకుండా నాది రాదని ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు.

ఈ దారి అందరికీ కాదు. ఆమె పిన్ని కొడుకు ఒకడున్నాడు. వాడూ ఎఫ్-1 మీద పద్ధతిగానే వచ్చాడు, అదే 2015లో టీపీఎస్ తీసుకున్నాడు. వాడి కోసం ఎవరూ పిటిషన్ వేయలేదు. పదేళ్లుగా ఒకే కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాడు. టీపీఎస్ రద్దు మీద కింది కోర్టు ఒకటంటే పై కోర్టు ఇంకోటంటోంది. స్టేటస్ లేని రోజులు 180 దాటకపోతే ఉద్యోగం కేటగిరీలో 245(కె) సెక్షన్ కింద మన్నిస్తారు. ఆ లెక్క ఏ రోజు నుంచి మొదలైందన్న దాని మీద ఇద్దరు లాయర్లు రెండు రకాలుగా చెప్పారు. ఒకవేళ ఇవాళ పర్మ్ (ఉద్యోగం మీద గ్రీన్‌కార్డ్‌కి కంపెనీ వేసే మొదటి అడుగు) మొదలుపెట్టినా అది పూర్తయ్యేసరికే ఏడాది దాటుతుంది. అయినా కంపెనీని అడిగి చూడమన్నాం. అడిగాడట. మేనేజర్ హెచ్‌ఆర్‌తో మాట్లాడి చెబుతానన్నాడట.